గ్రాముకి ఇంత

రూబార్బ్ కేకు ట్రేలో పన్నెండు ముక్కలొస్తాయి. మా అత్తగారు ఆర్లిస్ పదకొండు ముక్కలు సమానంగా కోసి, పన్నెండోదాన్ని మళ్లీ నిలువునా రెండు చేస్తుంది. అందులో ఒక సగం నాది. రెండో సగం ట్రేలోనే ఉండిపోతుంది, ఎందుకంటే మా అయోవా రాష్ట్రంలో ఆఖరి ముక్క ఎవరూ ముట్టుకోరు. ఒకరు వచ్చి దాన్ని సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం. చివరికి వేలి గోరంత మిగిలి, గిన్నెలు కడిగేటప్పుడు నా చేతికొస్తుంది. దాన్ని నేను నోట్లో వేసుకున్నానా, చెత్తబుట్టలో వేశానా అని ఆర్లిస్ ఓరకంట చూస్తుంది. పద్నాలుగేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా నోట్లో వేసుకోలేదు నేను.

"నీకు చిన్నది వేశాను నాడీన్. పెద్దదేస్తే నువ్వే ఇబ్బంది పడతావని," అంది ఆ ఆదివారం కూడా, చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక.

"థాంక్స్ ఆర్లిస్," అన్నాను నేను కూడా, ప్రతి ఆదివారం లాగే.

నా భర్త గ్రెగ్ రెండో ముక్క తీసుకుంటూ, "నీ మంచికే చెప్తుంది కదా మా అమ్మ," అన్నాడు. ఆయన పొట్ట చొక్కా గుండీల మధ్య నుంచి తొంగి చూస్తోంది. మగవాడి పొట్ట గురించి మా ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. అది ఫర్నిచర్ లాంటిది, ఎక్కడుండాలో అక్కడుంటుంది.

ముక్క తినడం అవగానే ఆర్లిస్ అంది: "అన్నట్టు నాడీన్, కారులో హ్యామ్ వండే పెద్ద పాత్ర ఉంది, నేలమాళిగలో పెట్టెయ్. గ్రెగ్‌కి నడుం బాగాలేదు. నీకేం, బలంగా ఉంటావు."

బలంగా ఉంటావు. ఈ మాట నన్ను పొగడటానికి అనరు. నా ఒంటిని చూసి, ఎంత పని ఎక్కించొచ్చో అంచనా వేసి అంటారు. చర్చి విందుకి నలభై పౌన్ల బంగాళాదుంపల బస్తా నాడీన్ మోస్తుంది, మడత బల్లలు నాడీన్ మోస్తుంది, మామగారు ఆఖరి ఏడాది మంచాన పడ్డప్పుడు ఆయన్ని పక్కకి తిప్పి దుప్పటి మార్చింది నాడీనే. సన్నగా ఉండే మా తోటికోడలికి ఆ పని ఎవరూ చెప్పలేదు, "ఆ పిల్ల విరిగిపోతుంది పాపం" అన్నారు. పెట్టేటప్పుడు నా బరువు చూసి తగ్గించి పెడతారు. మోయించేటప్పుడు అదే బరువు చూసి పెంచి మోయిస్తారు. ఈ రెండు లెక్కలూ ఒకే చేత్తో ఎలా వేస్తారా అని పాత్ర పట్టుకుని మెట్లు దిగుతూ చాలాసార్లు అనుకున్నాను. అనుకున్నానే గానీ, పైకి వచ్చాక చేతులు తుడుచుకుని గిన్నెలు కడిగేశాను.

"నేను ల్యాబుకెళ్లాలి. రేపు ఎలుకలకి సూదులున్నాయి, ఇవాళ వాటిని తూచాలి," అన్నాను కోటు వేసుకుంటూ.

"ఆదివారం పూట కూడా ఎలుకల బోనులు కడగాలా?" అంది ఆర్లిస్, నిజంగానే జాలిపడుతూ.

నేను బోనులు కడగను. జీవశాస్త్రంలో డిగ్రీ చేశాను. మా అమ్మ వైపూ నాన్న వైపూ కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. ఈ సంగతి ఆ ఇంట్లో పద్నాలుగేళ్లలో ఒక అయిదారుసార్లు చెప్పి ఉంటాను. ఆ తర్వాత మానేశాను. వినని ఇంట్లో గొంతు అరిగిపోతుంది తప్ప మాట లోపలికి పోదు.

మా ల్యాబు యూనివర్సిటీలో మూడో అంతస్తు. అక్కడ మేము పట్టుకు కూర్చున్న ప్రశ్న ఒకటే. క్లోమం వాచినప్పుడు సన్నగా ఉన్నవాళ్లు చాలామంది వారంలో ఇంటికి పోతుంటే, లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎందుకు ప్రాణం మీదికి వస్తుంది? క్లోమం అంటే కడుపు వెనకాల ఆకులా వాలి ఉండే గ్రంథి. తిన్నది అరిగించే రసాలు అందులో తయారవుతాయి. ఆ రసాలు పేగుకి చేరకముందే లోపలే మేలుకుంటే, గ్రంథి తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఇక చుట్టూ ఉన్న కొవ్వు సంగతి. కొవ్వంటే మూటగట్టి అటక మీద పడేసిన సరుకని మనమందరం అనుకుంటాం. కాదు. అదీ ఒక గ్రంథి లాంటిదే. రక్తంలోకి కబుర్లు పంపుతూ ఉంటుంది. ఆ కబుర్ల పేరే హార్మోన్లు. లెప్టిన్ అని ఒకటి, ఒళ్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది, మంటని ఎగదోస్తుంది. అడిపోనెక్టిన్ అని ఇంకొకటి, మంట చల్లార్చేది. కొవ్వులోనే పుడుతుంది గానీ కొవ్వు మరీ పెరిగితే తగ్గిపోతుంది. అంటే నిప్పంటుకున్న రోజున లావుపాటి ఒంట్లో నీళ్లు పోసేవాళ్లు తక్కువ, గాలి కొట్టేవాళ్లు ఎక్కువ.

పదకొండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన వారంలో ఇది మొదటిసారి చదివినప్పుడు, కారులో కూర్చుని ఏడ్చాను. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. అప్పటిదాకా నా ఒంటి గురించి మాట్లాడేవాళ్లనే చూశాను. నా ఒళ్లే మాట్లాడుతుందని నాకెవరూ చెప్పలేదు. అది పిల్లప్పటి నుంచీ ఏదో చెబుతూనే ఉంది, నేను చొక్కా కిందకి లాక్కోవడంలో పడి వినలేదు.

చిట్టెలుకల్ని ఒక్కొక్కటీ తోకపట్టి ప్లాస్టిక్ గిన్నెలో దించి తూచాను. మామూలు మేత తిన్నవి ఇరవై ఆరు గ్రాములు, అటూ ఇటూగా. నూనె మేత తిన్నవి యాభై. మర్నాడు వీటికి గంటకోసారి, ఎనిమిది సార్లు సూది వెయ్యాలి. క్లోమాన్ని కొరడా పెట్టి పని చేయించినట్టు చేయించి, చివరికి వాచేలా చేసే మందు అది. మోతాదు గ్రాముకి ఇంత అని. సన్న ఎలుకకి సిరంజిలో మూడు గీతలు, లావు ఎలుకకి ఆరు. ఈ లెక్క కాగితం మీద అచ్చువేసి గోడకి అంటించి ఉంది. నేను చేరకముందు నుంచీ ఉంది. దాని అంచులు పసుపు పచ్చబడ్డాయి.

ఆ పరీక్షలన్నీ కలిపి పెద్ద వ్యాసం తయారవుతోంది అప్పుడు. మా ల్యాబు పెద్దాయన ఫిలిప్ హేవర్‌క్యాంప్, ఆయన దగ్గర పరిశోధన చేసే సెత్ రాస్తున్నారు. లావు ఎలుకల్లో క్లోమం దెబ్బ మూడింతలని అందులో మొదటి గ్రాఫు బొమ్మ. నా పేరు ఆఖరి పేజీలో ఉంది. "సూదులు వెయ్యడంలో ఓపికగా సాయపడిన నాడీన్‌కు కృతజ్ఞతలు." ఓపికగా అన్న మాట సెత్ చేర్చాడు. నేను సంతోషిస్తాననుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం మా అమ్మ ఫోన్ చేసింది. ఆమె పేరు ఓపల్. ప్రతి బుధవారం, నా లంచ్ టైము చూసి చేస్తుంది. పంది మాంసం ఫ్యాక్టరీలో పేగుల బల్ల దగ్గర పందొమ్మిదేళ్లు నిలబడింది. ముందు నుంచి పేగులు సాగిపోతుంటే వాటిలోంచి క్లోమం ఊడబెరికి పక్కనున్న తొట్టిలో వెయ్యాలి. ఆ తొట్టెలు మందుల కంపెనీకి పోతాయి, అరుగుదల లేని రోగులకి మాత్రలు చెయ్యడానికి. ల్యాబులో చేరిన కొత్తలో ఎలుక క్లోమాన్ని కొవ్వులోంచి విడదియ్యలేక నేను అవస్థ పడుతుంటే అమ్మే చెప్పింది: "కళ్లతో వెతక్కే పిల్లా, కళ్లకి రెండూ ఒకటే. వేళ్లతో వెతుకు. కొవ్వు జారుతుంది, గ్రంథి గరగరలాడుతుంది." ఆ మాట పట్టుకునే ఈ పనిలో నిలదొక్కుకున్నాను. మూడో అంతస్తులో డాక్టరేట్లున్న వాళ్లెవరికీ ఆ వేళ్లు లేవు.

"ఎలా ఉన్నాయే నీ ఎలుకలు?" అంది అమ్మ.

"బానే ఉన్నాయి. నా బొటనవేలే వాచింది. లావువాటికి రెండింతలు ఎక్కించాలి కదా, నొక్కీ నొక్కీ..."

"రెండింతలెందుకే?"

"బరువు రెండింతలు కదమ్మా."

"అయితే? మందు పనిచేసేది ఆ గ్రంథి మీదేనన్నావుగా. బరువు రెండింతలైతే గ్రంథి కూడా రెండింతలవుతుందా ఏంటి?"

శాండ్‌విచ్ చేతిలోనే ఆగిపోయింది.

అమ్మ నవ్వుతోంది. "కొత్తగా చేరినవాళ్లు ఇలాగే అనుకునేవాళ్లే. బలిసిన పంది వస్తే చాలు, ఇవాళ తొట్టి తొందరగా నిండుతుందని సంబరం. తీరా చూస్తే గ్రంథి అంతే. కొవ్వు పెరుగుతుంది గానీ అది పెరగదు. డోరిస్ అని ఒకామె ఉండేది, తొట్టి నిండలేదని సూపర్‌వైజర్ తిడితే, 'పందికి చెప్పండి సార్, నాకెందుకు చెప్తారు' అంది. ఏంటే, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"తింటున్నావా? తిను. వాళ్లు వీళ్లు చూస్తున్నారని మానెయ్యకు."

ఫోన్ పెట్టేశాక నా నోటు పుస్తకాలు దించాను. సూది వెయ్యని ఎలుకల క్లోమాలు కూడా తూచి రాయడం నా అలవాటు. ఎవరూ రాయమనలేదు, ఎవరూ అడగలేదు. పదకొండేళ్లవి. సన్నవాటివి ఒక వరసలో, లావువాటివి ఒక వరసలో రాసుకుంటూ పోయాను. మూడు గంటలకి కలం పెట్టేశాను. రెండు వరసలూ దాదాపు ఒక్కటే. ఒళ్లు రెండింతలైనా గ్రంథి అంతే. అంటే, అంతే ఉన్న గ్రంథి మీద మేము రెండింతల మందు గుమ్మరించి, చూశారా, లావువాళ్లకి దెబ్బ ఎక్కువ అని బొమ్మ గీస్తున్నాం. అసలే మంట ఆర్పేవాళ్లు తక్కువైన ఒంటికి గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ రోకలి పట్టుకున్నది ఎవరో కాదు, పదకొండేళ్లుగా నా ఈ కుడిచెయ్యే. ఆర్లిస్ కేకు కత్తి గుర్తొచ్చింది. పాత్ర మోసుకెళ్లిన మెట్లు గుర్తొచ్చాయి. బరువు చూసి ఎక్కించే లెక్క నాకు తెలియనిదా? నా మీద వేస్తే తెలిసింది. నేను వేస్తే తెలియలేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. నాలుగు చలికాలాల కిందట అమ్మకి పైకడుపులో నొప్పి వచ్చి, వీపులోకి పాకి, మంచం మీద ముడుచుకుపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లాను. రక్తం చూసి క్లోమం వాచిందన్నారు. కుర్ర డాక్టరు అడిగాడు, "రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతావమ్మా?"

"పాలా?" అంది అమ్మ.

"మందు."

"నేను మెథడిస్టు చర్చి మనిషిని బాబూ, మందు ముట్టను."

"నిజం చెప్తేనే వైద్యం చెయ్యగలం."

అలా మూడుసార్లు అడిగాడు. మూడోసారి నేను గొంతు పెంచాను. అప్పుడు ఆయన అమ్మ ఒంటి వైపు ఒకసారి చూసి, "అయితే బరువే," అని రాసుకుని వెళ్లిపోయాడు. ఒళ్లు లావు కాబట్టి స్కానులో సరిగా కనబడలేదన్నారు, కాస్త తగ్గాక చూద్దామన్నారు. నాలుగో రోజున ఇంకో డాక్టరమ్మ మళ్లీ స్కాను తీయిస్తే పిత్తాశయం నుంచి జారిన రాయి, శనగ గింజంత, దారికి అడ్డంపడి ఉంది. ఆ నాలుగు రోజులూ అమ్మ నొప్పితో పళ్లు బిగించుకుని, ఆ కుర్ర డాక్టరు వచ్చినప్పుడల్లా ఏమనేదో తెలుసా? "సారీ డాక్టర్. నా ఒంటితో మీకు శ్రమ." ఆ మాట నాకు రాయి కంటే గట్టిగా తగిలింది. మా వ్యాసం అచ్చయితే, అలాంటి కుర్ర డాక్టర్ల చేతుల్లోకే వెళుతుంది. మూడింతలు అన్న మాట వాళ్లు మర్చిపోరు.

సోమవారం ల్యాబు సమావేశంలో నా కాగితం బల్ల మీద పెట్టాను.  అక్కడ నేను మాట్లాడటం అరుదు, కాఫీ అయిపోయిందని చెప్పడానికి తప్ప.

సెత్ కాగితం చూసి తల గోక్కున్నాడు. "అందరూ గ్రాముకి ఇంత అనే వేస్తారు నాడీన్. ఏ వ్యాసం చూసినా అంతే."

"అందరూ వేస్తే లెక్క సరైపోతుందా? గ్రంథి పెరగలేదు కదా."

"అలా అని ఎవరైనా రాశారా?"

"నేను రాశాను. ఇదిగో, పదకొండేళ్లు."

ఫిలిప్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషి. నాకు ఫ్లూ వస్తే ఇంటికి సూపు పంపించిన మనిషి. మెత్తగా అన్నాడు, "నాడీన్, ఈ విషయం నీకు... దగ్గరిదని నాకు తెలుసు. నువ్వు మనసుకి తీసుకోవడం సహజం."

గదిలో ఆరుగురున్నాం. అయిదుగురు ఒక్కసారిగా నా వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు. దగ్గరిదట. ఎంత మర్యాదైన మాట! లావుదానివి కాబట్టి లావు ఎలుకల పక్షం మాట్లాడుతున్నావని మొహం మీద సూటిగా అనకుండా పట్టుబట్టలో చుట్టి చేతిలో పెట్టాడు. సెత్ సన్నగా ఉంటాడు, రోజూ అయిదు మైళ్లు పరుగెత్తుతాడు. సన్నవాడు కాబట్టి లెక్క అటు మొగ్గుతోందని ఎవరైనా అతన్ని అన్నారా? సన్నదనానికి పక్షం ఉండదు, అది కిటికీ అద్దం లాంటిది, లోకం దానిగుండా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. నాది మాత్రం మరక. నా వేళ్లు పనికొస్తాయి, నా ఓపిక పనికొస్తుంది, నా ఆదివారాలు పనికొస్తాయి. నా కళ్లకి మాత్రం నా ఒళ్లు అడ్డం.

"నా మనసు సంగతి కాదు ఫిలిప్," అన్నాను.  "ఎనిమిది లావు ఎలుకలకి సన్నవాటికిచ్చినంతే ఇచ్చి చూద్దాం. ఎనిమిది చాలు. నా మాట తప్పయితే తెలిసిపోతుంది."

మోతాదు మార్చాలంటే జంతువుల కమిటీకి కాగితం పెట్టాలి, దాని మీద ఆయన సంతకం కావాలి. దొంగచాటుగా చేసే మనిషిని కాను నేను, చేతకాదు కూడా. మూడు పేజీల ఫారం ఆ సాయంత్రమే నింపి ఆయన గది తలుపు కింద నుంచి తోశాను. రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టాడు, నేను ఊరుకుంటానని కాబోలు. "మామూలు పని ఆగకూడదు. నీ సొంత టైములో చేసుకో," అన్నాడు.

కమిటీ ఒప్పుకునేసరికి అయిదు వారాలు పట్టింది. వ్యాసం పంపించడం అందాకా ఆపమని అడిగాను. ఫిలిప్ విసుక్కుని ఆపాడు. సూదుల గది ఖాళీగా దొరికింది ఒక్క శనివారమే. ఆ శనివారమే మా చర్చి శరత్కాలపు విందు.

"రాలేవా?" అంది ఆర్లిస్ ఫోనులో. నేను చనిపోయానని చెప్పినట్టు. "మరి బంగాళాదుంపలు?"

"గ్రెగ్ తొక్కు తీస్తాడు."

"గ్రెగ్?" అంది, ఆ పేరు మొదటిసారి విన్నట్టు.

పక్కనే టీవీ ముందున్న గ్రెగ్ తల తిప్పాడు. "ఏంటి, ఎలుకలకి లాయరువయ్యావా ఇప్పుడు? అవి ఒక్కరోజు ఆగవా?"

"పద్నాలుగేళ్లుగా నేను ఆగాను. అవి ఆగవు."

"దీనికి నీకేమైనా ఒరుగుతుందా?"

నిజాయితీగా ఆలోచించాను. "తెలియదు," అన్నాను. "బస్తా కారులో పెట్టుకుని వెళ్లు. నలభై పౌన్లే. నడుం వంచకు, మోకాళ్లు వంచు."

శనివారం ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా, గంటకోసారి. ముందటి ఏడాదుల్లాగే వేసినవి నాలుగు సన్నవి, నాలుగు లావువి. నా ఎనిమిది వేరే బోనుల్లో. లావువాటికి మూడు గీతలే ఎక్కిస్తుంటే చెయ్యి అలవాటుగా ఆరు దాకా లాగబోయింది. మొదటిసారి ఆపుకున్నాను. రెండోసారి ఆపుకున్నాను. నాలుగో గంటకి వేళ్లు నేర్చుకున్నాయి. మధ్యలో ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె, చీజు తిన్నాను. గ్రెగ్ నుంచి ఒక మెసేజి వచ్చింది: తొక్కు తీసే కత్తి ఎక్కడ. జవాబిచ్చాను: సొరుగులో. ఇంకోటి వచ్చింది: ఏ సొరుగు. దానికి జవాబివ్వలేదు. పద్నాలుగేళ్లుగా అదే వంటింట్లో తింటున్నాడు, మూడే సొరుగులున్నాయి.

మర్నాడు క్లోమాలు తీశాను. కొవ్వు జారింది, గ్రంథి గరగరలాడింది. పల్చగా కోసి గాజు పలకల మీద పెట్టి, పేర్లు చెరిపి, అంకెలు మాత్రం వేసి సెత్‌కి ఇచ్చాను. ఏది ఏదో తెలియకుండా అతనే సూక్ష్మదర్శినిలో చూసి దెబ్బ ఎంతో మార్కులు వెయ్యాలని నేనే పట్టుబట్టాను. పదిరోజుల తర్వాత అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. పిలవకుండా రావడం అదే మొదలు.

"సన్నవాటికి దెబ్బ రెండు," అన్నాడు. "మన పాత లెక్కలో లావువాటికి ఆరు. నీ ఎనిమిదికి... నాలుగు."



"సగం నువ్వు కరెక్టు," అన్నాడు. "సగం మేమూ కరెక్టే. అడిపోనెక్టిన్ తక్కువున్న ఎలుకకి నీ మోతాదులో కూడా వాపు ఎక్కువే ఉంది."

అబద్ధం ఎందుకు, నాకు లోలోపల ఒక ఆశ ఉండేది. రెండే రావాలని. కొవ్వు ఏ పాపం ఎరగదని తేలాలని. తేలలేదు. కొవ్వు నిర్దోషి కాదు. కానీ మేము దాని మీద మోపినదంతా దాని నేరం కాదు. సగం దానిది, సగం మా చేతిది. ఇన్నాళ్లూ నేను వెతుకుతున్నది కూడా ఇదేనేమో. నా ఒళ్లు మంచిదని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు. దానికి చెందనిది దాని ఖాతాలో వెయ్యకపోతే చాలు.

ఫిలిప్ కాగితాలన్నీ రెండుసార్లు చదివాడు. పొగడాల్సింది పొగిడాడు. తర్వాత అన్నాడు, "అనుబంధంలో పెడదాం నాడీన్. ఆఖర్న, చిన్న బొమ్మగా. ఎనిమిది ఎలుకలే కదా. కృతజ్ఞతల్లో నీ పేరు ఎలాగూ ఉంది. ఇంకో వాక్యం చేరుస్తాం."

అనుబంధం ఎవరూ చదవరు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ట్రేలో మిగిలిన సగం ముక్కలో మళ్లీ సగం. ఒక్క క్షణం నా నోటి చివరికి "థాంక్స్ ఫిలిప్" వచ్చింది, పద్నాలుగేళ్ల అలవాటు. ఆపుకున్నాను. వేళ్లు నేర్చుకోగా లేనిది నోరు నేర్చుకోదా?

"ఈ బొమ్మ మొదటి బొమ్మ పక్కనే ఉండాలి," అన్నాను. "మూడింతలు అన్న చోటే, అందులో సగం మన మోతాదు అని ఉండాలి. ఇంకో ముప్ఫై ఎలుకలు కావాలంటే చేస్తాను, ఈసారి నా ఆదివారాల్లో కాదు, పని రోజుల్లో. అప్పుడు నా పేరు పైన, రాసినవాళ్ల వరసలో ఉండాలి. కుదరదంటే కృతజ్ఞతల్లోంచి కూడా తీసెయ్యండి. తప్పని తెలిసిన లెక్కకి సాక్షిగా నా పేరు ఉండటానికి వీల్లేదు. గోడ మీది కాగితం ప్రకారం సూది కూడా నేనిక వెయ్యను. ఎవరైనా వేసుకోవచ్చు."

"నాడీన్, ఇది నువ్వేనా?" అన్నాడు ఫిలిప్. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"నేనే."

"శుక్రవారం దాకా ఆలోచించుకోనివ్వు."

"సరే," అని లేచాను. నా కుర్చీ కిర్రుమంది. ఎప్పుడూ ఆ చప్పుడుకి సిగ్గుపడేదాన్ని. ఆ రోజు అది కుర్చీ చప్పుడులాగే వినిపించింది.

సూదుల గదికి వెళ్లి గోడ మీది పసుపు కాగితం తీశాను. అతికించి ఎన్నేళ్లయిందో, రంగు కొంచెం ఊడి వచ్చింది. చింపలేదు. మడతపెట్టి నోటు పుస్తకంలో తారీకు వేసి దాచాను. అదీ లెక్కలో భాగమే.

అది బుధవారం. కారు ఎక్కి కూర్చున్నాక, అమ్మ చేసేలోపు నేనే చేశాను. జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఎక్కడా నవ్వలేదు, జోకు వెయ్యలేదు. శుక్రవారం ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదని కూడా చెప్పాను.

  అంతా విని అమ్మ అంది, "అయితే పిల్లా, ఆ కుర్ర డాక్టరుకి నేను చెప్పిన సారీల్లో సగం వెనక్కి తీసుకోవచ్చన్నమాట."

"సగం కాదమ్మా," అన్నాను. "నీది రాయి. మొత్తం వెనక్కి తీసుకో."